మూతికి చిక్కం

ఆషాఢంలో, శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లతో మెడ ఎత్తే తీరిక లేని రోజుల్లో, ఒక పొద్దున అద్దం ముందు పై పెదవి ఎత్తి చూసుకుంటే చిగురు మీద ఏదో తళుక్కుమంది. అన్నం మెతుకేమో అనుకుని వేలితో తుడిచాను. పోలేదు. గోరు ఆనించాను. గట్టిగా, చల్లగా తగిలింది. పోయిన పన్ను జాగాలో దవడ ఎముకలోకి దించి, పైన చిగురు కప్పి కుట్టేసిన మర అది. ఇంకా కొన్ని నెలల దాకా దాని ముఖం ఎవరికీ కనబడకూడదని డాక్టరమ్మ చెప్పి ఉంది. సూది తలంత మేర చిగురు చిరిగి, అది అప్పుడే బయటికి చూస్తోంది.

నేను ఛత్రినాకలో జాకెట్లు కుడతాను. ఇంటి ముందరి గదే దుకాణం. ఆ అద్దం కూడా గిరాకీలు జాకెట్ వేసుకుని చూసుకునే నిలువుటద్దమే. దాని ముందు అందరూ కడుపు లోపలికి పీల్చుకుని నిలబడతారు. ఆ ఏడు నేనొక్కదాన్నే పెదవి ఎత్తుకుని నిలబడ్డాను.

నా పన్ను సంగతి చెప్పాలంటే ముందు అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ కిషన్‌బాగ్‌లో ఉండేది, ఆమె కూడా జాకెట్లే కుట్టేది. ఆమె ముందరి రెండు పళ్ళ అంచున చిన్న చిన్న గాడులు ఉండేవి, బియ్యపు నూకంత. నవ్వితే ముందుగా అవే కనబడేవి. నాకూ అవే గాడులు, అదే చోట. పెళ్ళిళ్ళలో చుట్టాలు నా గడ్డం పట్టుకుని "నవ్వితే అచ్చం తల్లేనే" అనేవాళ్ళు. అమ్మ పోయాక వెతికితే ఆమె నవ్విన ఫోటో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఫోటో అనగానే ఎవరో తిట్టడానికి నిలబెట్టినట్టు మూతి బిగించేది మహాతల్లి. అందుకని ఆ నవ్వు చూడాలనిపించినప్పుడు నాకు అద్దమే దిక్కు. ఇది ఎవరితోనూ అనలేదు. అంటే నవ్విపోతారు.

ఆ రెండింటిలో కుడి పన్ను లోపల వేరు దగ్గర పగిలింది. మలక్‌పేట డాక్టరమ్మ దాన్ని తీసేసి, రెండు దార్లు చెప్పింది. అటూ ఇటూ ఉన్న పళ్ళు అరగదీసి, మూడింటికీ కలిపి వంతెనలాగా తొడుగు వేయడం ఒకటి. ఎముకలో మర దించి, అది కుదురుకున్నాక దాని మీద పన్ను నిలబెట్టడం రెండోది. అరగదీయడం అంటే ఎడమ పన్ను గాడి కూడా పోవడమే. అమ్మది మిగిలిన ఆ ఒక్క గాడి. నేను మరనే పెట్టమన్నాను.

"చెప్పుడు నా ధర్మం అక్కా," అంది డాక్టరమ్మ. నాకంటే చిన్నది, కూతురి వయసు కాదు గాని చెల్లెలి వయసు. "మీ చిగురు మస్తు పల్చగుంది, ఉల్లిపొర లెక్క. ఎముక గూడ సన్నగనే ఉంది. ఈ మర పోతే మళ్ల గదే జాగల ఇంకోటి కూసుండుడు కష్టం. అప్పుడిక బ్రిడ్జే."

అన్నీ విన్నాను. అన్నిటికీ తలూపాను. నాకైతే పోదని నమ్మకం.

ఆ పొద్దున మెరుపు చూడగానే కత్తిరించిన బట్టలు అట్లాగే వదిలేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కాను. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చాలాసేపు చూసింది.

"ఎప్పట్నుంచి గిట్లుంది?"

"పొద్దుగాలనే చూసిన మేడమ్."

"చీము లేదు. మర కదుల్తలేదు. గదొక్కటి నయం," అంది. ఆ తర్వాత చెప్పింది నాకు నచ్చలేదు. చిగురు మూసి ఉన్నంత సేపు మర క్షేమం. ఇట్లా ముందే తెరుచుకుంటే ఆ సందులోంచి పాచి దిగుతుంది, మర మెడ చుట్టూ ఉన్న ఎముకను కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎముక తరిగితే మర ఊడుతుంది. పల్చటి చిగురుతో వచ్చే తంటా ఇదే.

పన్ను వచ్చేదాకా ఖాళీ కనబడకుండా నాకో ప్లేటు ఇచ్చింది ఆమె. అంగిలికి అతుక్కునే గులాబీ రంగు రేకు, దానికొక ఉత్తుత్తి పన్ను. అదే చిగురును ఒత్తుతోందని అనుమానపడి దాని లోపలి వైపు కొంత గీకేసింది. నలుగురి ముందు ఉన్నప్పుడు తప్ప పెట్టుకోవద్దంది. మెత్తటి బ్రష్షుతో మర మీద తుడవాలి, పొద్దున సాయంత్రం మందు నీళ్ళు పుక్కిలించాలి.

"ఆ పన్నుతోని ఏమన్న కొరుకుతున్నరా? గోర్లు, మక్కజొన్న కంకులు?"

"లేదు మేడమ్."

"గుండుసూదులు పండ్ల నడుమ పెట్టుకుంటరు గద మీరు?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మెడ నిక్కించాను. "పన్ను తీసిన్నాడే బంద్ చేసిన. ఇప్పుడు మణికట్టుకు చిన్న దిండు కట్టుకుంటున్న, సూదులన్ని దానికే."

"శెభాష్," అంది. ఆ ఒక్క మాటకు పొంగిపోయి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత నేను ఉన్నంత పద్ధతిగా ఆ బస్తీలో ఎవరూ ఉండి ఉండరు. పులుసన్నం, పప్పన్నం, మెత్తగా పిసికి ఒక పక్కనే నమిలాను. బోనాల నాడు ఇంటిల్లిపాదీ మటన్ తింటుంటే పెరుగన్నం కలుపుకున్నాను. మా అత్తమ్మ సర్వపిండి కాలిస్తే ఆ వాసనకు నోరూరి గది తలుపు వేసుకున్నాను. ప్లేటు మిషను మీద స్టీలు డబ్బాలో ఉండేది. గేటు చప్పుడైతే పన్ను నోట్లోకి, గిరాకీ వెళ్ళిపోతే డబ్బాలోకి.

అయినా ఆ కన్నం పెరిగింది. సూది తలంత ఉన్నది ఆవగింజంత అయింది. ఆవగింజంత ఉన్నది కాజా కన్నమంత అయింది. మర గుండ్రటి అంచు కూడా కనబడటం మొదలైంది. రోజూ చూసుకునేదాన్ని, చూసుకున్నాక ఎవరో ఒకరి మీద అరిచేదాన్ని. బస్సు డిపోలో పనిచేసి వచ్చే మా ఆయన చెప్పులు బయటే విప్పి, లోపల నా గొంతు ఎట్లా ఉందో విని గాని గడప దాటేవాడు కాదు.

అత్తమ్మకు ఆ భయం లేదు. ఆమె బర్రెలు కాసిన మనిషి. బర్రెలు అమ్మేసి చాలా ఏళ్ళయినా ఇప్పటికీ పాలు పితికే వేళకు ఠంచనుగా లేచి కూర్చుంటుంది.

"ఏమో కొరుకుతున్నవ్ పిల్లా. చెప్తలేవ్ గంతే."

"ఏం కొరుకుతలేను అత్తమ్మా."

"మరి గది ఉత్తగనే చినుగుతదా? పటిక నూరి పెట్టనా?"

"ఏం పెట్టకు! నా నోరు నాకిడిసిపెట్టు!"

ఆ గొంతుకు పక్కింటి వాళ్ళు కిటికీ తెరిచారు. అత్తమ్మ నూరుతున్న పటిక పక్కన పెట్టి, మళ్ళీ నా పన్ను ఊసెత్తలేదు. నా ఊసు కూడా ఎత్తలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం గిన్నెల చప్పుడుతోనే మాట్లాడుకున్నాం.

మలక్‌పేటకు మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత ఇంకోసారి. ఈసారి డాక్టరమ్మ మొహంలో నవ్వు లేదు. ఎక్స్‌రే తీసి, గోడ మీది తెరలో నా దవడ చూపించింది. మర మెడ దగ్గర ఎముక గీత కొద్దిగా వెనక్కి జరిగినట్టు ఉంది.

"అక్కా, నిజం చెప్పండి. ఏదో తాకుతుంది దానికి. నేను ప్లేటు గీకిన, మందులిచ్చిన. అయినా తెరుచుకుంటనే ఉందంటే ఏదో ఉంది."

"ఒట్టు మేడమ్. ఏం లేదు."

"ఇంకొన్ని రోజులు చూస్త. ఎముక ఇంకింత తగ్గితే మర తీసేద్దాం. ఉంచుకుంటే ఉన్న ఎముక గూడ పోతది."

మర తీసేస్తే వంతెనే. వంతెనంటే ఎడమ పన్ను అరగదీయడమే. బయటికొచ్చి ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. బాధ కంటే కోపం ఎక్కువ. నేనేమన్నా దొంగనా? నోరు కట్టేసుకుని పత్యం చేస్తుంటే నిజం చెప్పమంటుందా? ఆటో నడిపే పెద్దాయన అద్దంలో చూసి "క్యా హువా అమ్మా?" అన్నాడు. "దాంత్ కా దర్ద్ భాయ్," అన్నాను. ఆయన పాపం పంటి నొప్పికి లవంగం పెట్టుకోమని చెప్పాడు. ఆయన మీద కూడా కోపమొచ్చింది.

శ్రావణంలో డాక్టరమ్మ తమ్ముడి పెళ్ళి. ఆమె జాకెట్ గుడ్డ నా దగ్గరే ఇచ్చింది. తయారైందని ఫోన్ చేస్తే, తనే వచ్చి వేసుకుని చూసుకుంటానంది. నాకు మంచి అవకాశం అనిపించింది. నా ఇంటికొచ్చి నా పద్ధతి కళ్ళారా చూస్తే ఆ అనుమానం పోతుంది కదా. సూదుల దిండు మణికట్టుకు కట్టుకున్నాను. మందు నీళ్ళ సీసా కనబడేట్టు కిటికీలో పెట్టాను. గేటు చప్పుడు కాగానే ప్లేటు పెట్టుకున్నాను.

జాకెట్ చక్కగా కుదిరింది. ఒక్క హుక్కు కొంచెం జరపాలి. ఆమె జాకెట్ విప్పి ఇచ్చి, చీర కొంగు కప్పుకుని స్టూలు మీద కూర్చుంది. అత్తమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను మాటలు చెప్తూ పాత హుక్కు విప్పి, కొత్త చోట కుట్టి, ముడి వేసి, జాకెట్ ఆమె చేతిలో పెట్టాను.

ఆమె చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అక్కా. ఇప్పుడేం చేసిన్రు?"

"హుక్కు జరిపిన."

"జరిపి?"

"ముడేసిన. దారం తెంపిన."

"దేంతోని తెంపిన్రు?"

"కత్తెరతోని," అన్నాను. ఆ మాట అబద్ధమని నాకు తెలియదు. కత్తెర కోసం చూశాను. అది గదికి ఆ చివర, గుడ్డల కుప్ప కింద ఉంది. తలుపు దగ్గర అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. డాక్టరమ్మ లేచి వచ్చి నా కింది పెదవి మీద నుంచి ఏదో తీసి, వేలి కొస మీద పెట్టి చూపించింది. దారపు ముక్క. ఆమె జాకెట్ రంగుది, మెరూన్ రంగు.

నాకు తల తీసేసినట్టయింది. నా పళ్ళు చేసే పని నా చెవులకు కూడా తెలియనంతగా అలవాటైపోయింది. హుక్కుకోసారి, కాజాకోసారి, చేతుల అంచు మడిచి కుట్టినప్పుడల్లా. డాక్టరమ్మ అడిగినప్పుడు తినేవన్నీ గుర్తు తెచ్చుకున్నాను గాని దారం నా లెక్కలోకే రాలేదు. అది కొరకడం కాదు కదా, పని.

"ఇగో, చూడండి," అని ఆమె నా ప్లేటు తీయించి, తన అరచేతిలో పెట్టుకుని ఆ ఉత్తుత్తి పన్నును వేలితో నొక్కింది. రేకు అంచు పైకి లేచి కిందికి కొట్టుకుంది. "దారం పట్టి గుంజినప్పుడల్ల ఇది గిట్ల ఊగుతది. ఈ అంచు సక్కగ పోయి మర మీది చిగురుకు తాకుతది. మీరు గిరాకీ ముందటనే ప్లేటు పెట్టుకుంటున్నరు. ఆఖరి హుక్కు గూడ గిరాకీ ముందటనే కుడుతున్నరు."

తర్వాత ఆమె నా ఎడమ పన్ను మీద వేలు పెట్టింది. "ఈ గాడి గూడ గదే. ఏండ్లకేండ్లు దారం గుంజితే పడ్డది."

"కాదు మేడమ్," అన్నాను. "గది పుట్టుకతోని. మా అమ్మ పోలిక."

"అమ్మ ఏం పని చేస్తుండె?"

మిషను మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను. అత్తమ్మ నా మొహం చూసి, చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజంతా నన్ను ఎవరో మోసం చేసినట్టు అనిపించింది. అమ్మ నాకిచ్చిందనుకున్నది అమ్మ ఇవ్వలేదు. దారం గీసిన గీత అది. దాన్ని కాపాడుకోవడానికి మర పెట్టించుకున్నాను. ఆ గీత గీసిన పనితోనే మరను ఊడగొట్టుకుంటున్నాను.

కారణం తెలిసింది కాబట్టి డాక్టరమ్మ ఇక ఆలస్యం చేయలేదు. అంగిలి లోంచి కొంత కండ తీసి, మర మీద చిగురు కిందికి దూర్చి, దాని అంచుల మీదికి చిగురు లాగి కుడతానంది. పల్చటి చోట మందం వస్తుందట.

"ప్యాచ్ అన్నట్టు," అంది నాకు అర్థం కావాలని.

ప్యాచ్ సంగతి నాకు చెప్పాలా? "చివికిన పాత బట్టకు కొత్త ప్యాచ్ ఏస్తే అంచుల పొంటి చినుగుతది గద మేడమ్?"

"అందుకనే మీ బట్టే తీసి మీకేస్తున్న." ఆమె నవ్వింది, మళ్ళీ వెంటనే నవ్వు ఆపేసింది. "పట్టుకుంటదని గ్యారంటీ ఇయ్యలేను. పట్టుకోకుంటే ఇంక చేసేది లేదు. ప్లేటు అస్సలే వద్దు. నోటితోని ఒక్క దారం గూడ తాకద్దు."

కోత కోశారు, కుట్లు వేశారు. అంగిలి మండిపోయింది గాని నొప్పి నాకు లెక్కలోది కాదు. భయమంతా నా చేతుల గురించే. ప్లేటు లేకపోతేనేం, ఎడమ పన్ను ఉంది కదా, దారం దానికి పోతుంది, గుంజితే పక్కనే కుట్లు. కత్తెరకు రిబ్బన్ కట్టి మెడలో వేసుకున్నాను. మిషను ముందు కూర్చున్న మొదటి రోజే, ముడి వేయగానే నా ఎడమ చెయ్యి దారాన్ని పట్టుకుని పైకి లేచింది. దారం పెదవికి తగిలాక గాని నాకు తెలివి రాలేదు. చెయ్యి విదిలించుకుని లేచి నిలబడ్డాను. శ్రావణం జాకెట్లు గోడవారన నడుమెత్తు ఉన్నాయి. కుట్టకపోతే గిరాకీలు పోతాయి, కుడితే చిగురు పోతుంది.

"రా గిటు," అంది అత్తమ్మ. అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. ఆమె చేతిలో నా లైనింగ్ ముక్కలతో కుట్టిన గుడ్డ ఉంది. రెండు మడతలు, నాలుగు మూలలకు నాలుగు నాడాలు. చేతికుట్టు వంకరటింకరగా ఉంది.

"ఏంది అత్తమ్మా గిది?"

"దూడ తల్లి పాలు మరువాల్నంటే మేమేం చేస్తుంటిమి? దానికి చెప్తె సమజైతదా? మూతికి చిక్కం కడుతుంటిమి." నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు కింది నుంచి గడ్డం దాకా ఆ గుడ్డ కప్పి, నాడాలు తల వెనక ముడి వేసింది. "నీ తప్పు కాదు తియ్యి. దూడకు గూడ మూతి దానంతటదే పోతది."

ఎదురు చెప్పే ఓపిక లేదు, మనసూ లేదు. దూడలాగే కూర్చున్నాను. ఆమె ముడి ఎంత గట్టిగా వేసిందంటే చెవులు నొప్పి పెట్టాయి.

గిరాకీలకు నేనొక తమాషా అయ్యాను. "ఏందక్కా, మళ్ల కరోనా వచ్చిందా?" అని ఒకామె. "కోడలి నోరు మూసే ఉపాయం మాక్కూడ చెప్పు పెద్దమ్మా," అని అత్తమ్మతో ఇంకొకామె. నవ్వితే కుట్లు లాగుతాయని నవ్వకుండా కుట్టాను. దారం వచ్చి గుడ్డకు తగిలేది. మళ్ళీ తగిలేది. సాయంత్రానికి గుడ్డ మీద ముందరి పళ్ళ ఎదురుగా చిన్న మరక పడేది. ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టబోయి భయమేసి మానేశాను.

పొద్దున్నే గుడ్డ కట్టుకునే ముందు చూసుకుంటే ప్యాచ్ తెల్లగా ఉండేది, ఉడికిన కోడిగుడ్డు పొర లాగా. చచ్చిపోయిన చర్మం రంగు. ఫోటో తీసి డాక్టరమ్మకు పంపాను. "ఆగండి, తాకకండి," అని జవాబు. మరునాడు కూడా తెల్లగానే ఉంది. ఆ మరునాడూ అంతే. దేవుడి పటం ముందు నిలబడి ఏం మొక్కుకోవాలో తెలియక ఎర్రబడాలి, ఎర్రబడాలి అని మాత్రం అనుకున్నాను. ఒక పొద్దున అంచున చీర జరీ అంత సన్నగా గులాబీ రంగు కనబడింది. నా కళ్ళ మీద నమ్మకం లేక అత్తమ్మను పిలిచాను. ఆమె నన్ను గుమ్మం దాకా లాక్కెళ్ళి, వెలుతురులో పెదవి ఎత్తి, బర్రె నోరు చూసినంత తీరిగ్గా చూసింది.

"పట్టుకుంది," అంది.

నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

రంగు నెమ్మదిగా నిండింది. మర మళ్ళీ కనబడలేదు. ఎముక గీత ఉన్న చోటనే ఆగిందని ఎక్స్‌రేలో చూపించింది డాక్టరమ్మ. చలికాలం వచ్చాక చిగురు తెరిచి, మర మీద అసలు పన్ను బిగించింది. చుట్టూ చిగురు మందంగా, దిటవుగా, పాతదాని కంటే మంచిగా కూర్చుంది. చేతికి అద్దం ఇచ్చింది.

కొత్త పన్ను అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది. పక్కన ఎడమ పన్ను, దాని గాడి.

"ఈ గాడి గూడ నింపేద్దామా అక్కా? అరగదీసేది లేదు, నొప్పి లేదు. రెండు ఒక్కతీరుగ ఉంటయి."

అద్దంలో ఆ గాడిని చూస్తుంటే చిన్ననాటి రోజులు గుర్తొచ్చాయి. చాప మీద అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. నా పాల పళ్ళు పోయి కొత్తవి వచ్చిన వయసు. ఆమె హుక్కు కుట్టి టిక్కుమని దారం కొరికేది. నేను గుడ్డ పీలిక మీద ఉత్త ముడులు వేసి, ఆమె మొహం చూస్తూ, ఆమె లాగే తల పక్కకు వంచి టిక్కుమనిపించేదాన్ని. ఆమె నవ్వేది. ఆ గాడి పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె పక్కన కూర్చుంటే వచ్చింది. మోసపోయానని అన్ని నెలలు కుమిలిపోయాను గాని, అమ్మ ఇవ్వకపోతే అది నాకెక్కడిది?

"వద్దు మేడమ్. గది ఉండనియ్యి."

"పోనీ, కొత్తదానికే జర గాడి పెట్టనా? జోడుగ కనిపిస్తయి."

"వద్దు," అన్నాను. "అది దారం కొరకలే."

ఇంటికి వచ్చేసరికి నలుగురు గిరాకీలు కూర్చుని ఉన్నారు. పన్ను చూపించమని లొల్లి. నోరారా నవ్వి చూపించాను. తర్వాత మిషను ముందు కూర్చుని, అత్తమ్మకు వీపు తిప్పి, చిక్కం కట్టమన్నాను.